నా ఒడిలో పడుకున్న రాజు

మా ఇంటి ముందుగదిలో ఒక ఫోటో ఉంది. జీపు వెనుక సీట్లో తెలంగాణ తల్లి కూర్చుని ఉంటుంది. తలమీద కిరీటం, మెడలో బంతిపూల దండలు. ఆమె ఒడిలో తల పెట్టి ఒక ముసలాయన పడుకుని ఉంటాడు. ఆయన తెల్ల అంగీ మీద ఎర్రటి మరకలు. చుట్టూ జనం, చప్పట్లు కొడుతున్న చేతులు.

జనగామ కాలేజీల్లో నాటకాలు వేసే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఫోటోలో తల్లి వేషం కట్టింది నేనేనని చెబితే ఒకసారి నన్ను, ఒకసారి ఫోటోను చూస్తారు. ఆ తర్వాత ఒడిలోని మనిషి దగ్గర వాళ్ల చూపు ఆగిపోతుంది. "ఈయన యాక్టింగ్ సూపరున్నది తాతా. నిజంగ పానం పోతున్నట్టే పెట్టిండు మొఖం" అంటారు.

ఆయన నటించడం లేదు. చాయ్ తాగుతున్న పిల్లలకు ఎదురుగా కూర్చుని చెప్పగలిగే మాట కాదది. అందుకే రాస్తున్నాను.

మాది బచ్చన్నపేట వైపు ఒక బాగోతం మేళం. నేను ఐదో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా జనగామ గ్రంథాలయంలో జరిగింది. ఆటలు లేని రోజుల్లో పొద్దున తలుపు తీసినప్పటి నుంచి మూసేదాకా అక్కడే ఉండేవాణ్ని. చరిత్ర, వైద్యం, వ్యవసాయం, జ్యోతిషం, ఏది చేతికి దొరికితే అది చదివాను. అర్థం కాని మాటలు నిఘంటువులో వెతుక్కున్నాను. అక్కడి లైబ్రేరియన్ ఒకసారి "మా దగ్గర నువ్వు చదవనివి వచ్చే నెల పత్రికలే" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు ఒక బిరుదులాగే అనిపిస్తుంది.

మేళంలో నాది ఆడవేషం. రాజు వేషం మా అన్నది. తోడబుట్టినవాడు కాదు, మేళానికి పెద్ద. అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. ముఖాలకు రంగు వేసేది ఆయనే, పద్యం ఎత్తితే ఊరవతలికి వినిపించేదీ ఆయన గొంతే. ముప్పై ఏళ్లకు పైగా ఆయన రాజు, నేను రాణి. ఎన్ని కథల్లో ఆయనతో కాపురం చేశానో, ఎన్ని కథల్లో ఆయన శవం మీద పడి ఏడ్చానో లెక్క లేదు.

నేను చదివినవన్నీ ఆయనకు చెప్పకపోతే నాకు అన్నం అరిగేది కాదు. ఒకరోజు రంగు వేయించుకుంటూ, "అన్నా, వేరే దేశాలల్ల గూడ ఆడవేషాలు మొగోళ్లే కట్టెటోళ్లట. పుస్తకంల ఉన్నది" అన్నాను.

"ఆళ్ల గడ్డాలు ఎవడు గీకెటోడో గది గూడ ఉన్నదా పుస్తకంల? పో, ముందుగాల సక్కగ గీక్కో నా రాణి" అన్నాడు.

ఆయన భార్య, మా వదిన, నన్ను సవతీ అని పిలిచేది. ఆట ముగించుకుని ఊరికి వస్తే వాకిట్లోనే నిలబెట్టి, "ఏం సవతీ, నా మొగణ్ని మళ్ల సంపి ఏడ్సినవా? జర పానంతోని తోలియ్యరాదా ఇంటికి?" అనేది. నవ్వుతూ నాకు ముందు అన్నం పెట్టి, తర్వాత ఆయనకు పెట్టేది.

మా మేళంలో ఒక కట్టు ఉండేది. తేలికైన పొణికి కర్రతో చేసిన కిరీటాన్ని తలమీద పెట్టి వెనుక తాళ్లతో బిగించి కడతారు. ఆ ముడి వేసిన చెయ్యే మళ్లీ విప్పాలి. దేవత వేషమైతే ముడి విప్పేదాకా వేషం కట్టిన మనిషి ఏమీ తినకూడదు, మామూలు మాట మాట్లాడకూడదు. పుస్తకాలు చదివిన నాకు దీనికి కారణం ఎక్కడా దొరకలేదు. అయినా ఏనాడూ తప్పలేదు. ముడి ఎప్పుడూ అన్నే వేసేవాడు. ఎట్లా వేసేవాడో ఎవరికీ చూపించలేదు.

ఇంటింటికీ టీవీలు వచ్చాక రాజులకు గిరాకీ పోయింది. మేళంలోని వాళ్లు ఒక్కొక్కరే ఇళ్లు కట్టే సుతారి పనికో, పత్తి మిల్లుకో వెళ్లిపోయారు. అన్నా, నేనూ, ఒక హార్మోనియం మిగిలాం. ఆ హార్మోనియం కూడా సగం మెట్లు పలికేది కాదు. సరిగ్గా ఆ కాలంలోనే రాష్ట్రం కోసం ఉద్యమం లేచింది. ఊరూరా పాటలు, డప్పులు, గోచీ బిగించిన పిల్లల ఆటలు. మా పద్యాలను పిలిచే దిక్కు లేదు. "మనం గూడ తెలంగాణోళ్లమే గద తమ్మీ, మనల నెందుకు పిలుస్తలేరు?" అని అన్న ఒకసారి అడిగాడు.

చివరికి భూపాలపల్లిలో బొగ్గుబావి పని చేసే మా ఊరి మనిషి ఒకాయన పిలిచాడు. సమ్మె నడుస్తోంది, టెంటు కింద కార్మికులు పొద్దంతా కూర్చుంటున్నారు, వచ్చి ఏమైనా ఆడమన్నాడు. వెళ్లాం. అన్న రాజు పద్యం ఎత్తాడు. కార్మికులు మర్యాదగా విన్నారు. మర్యాదగా వినడమంటే ఏమిటో స్టేజీ ఎక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు. పద్యం అయ్యాక సమ్మె కమిటీ మనిషి ఒకడు దగ్గరికి వచ్చి, "మీ దగ్గర కిరీటం ఉన్నదా పెద్దమనిషీ?" అని అడిగాడు. మర్నాడు ర్యాలీ ఉంది, తెలంగాణ తల్లి వేషం కట్టడానికి ఒప్పుకున్న పంతులమ్మకు జ్వరం వచ్చింది.

అట్లా నేను ట్రాక్టర్ ఎక్కాను. ఒక చేతిలో బతుకమ్మ, ఇంకో చేతిలో మక్క కంకులు. ఒక్క మాట లేదు, పద్యం లేదు. కదలకుండా నిలబడ్డాను, అంతే. ముసలమ్మలు వచ్చి నా కాళ్లు మొక్కారు. బొగ్గు మసి వదలని చేతులు నాకు దండాలు పెట్టాయి. ఎన్ని రాణి వేషాలు కట్టినా అటువంటి గౌరవం నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం కిరీటం విప్పుతూ అన్న, "ఒక్క ముక్క మాట్లాడకపోతివి, నీ కాళ్లమీద పడ్డరు. నేను ఇన్నేండ్లు గొంతు సించుకుంటి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ముడి విప్పే వేళ్లు నెమ్మదిగా కదిలాయి.

ఆ తర్వాత జఫర్‌గఢ్, జనగామ, మహబూబాబాద్, ఎక్కడ ర్యాలీ ఉన్నా పిలుపు వచ్చేది. తల్లి కాళ్ల దగ్గర నేలకొరిగిన కొడుకు ఒకడు ఉంటే బాగుంటుందని ఎవరికో తోచింది. ఎండలో ట్రాక్టర్ మీద పడుకోవడానికి పడుచు పిల్లలెవరూ ఒప్పుకోలేదు. అన్న ఒప్పుకున్నాడు. నాకంటే పెద్దవాడు నా కొడుకయ్యాడు. తెల్ల అంగీ మీద ఎర్రరంగు నీళ్లు చల్లుకుని నా కాళ్ల దగ్గర పడుకునేవాడు. అందులోనూ ఆయన తన పని చూపించాడు. జనం దగ్గరికి వచ్చేదాకా శవంలా ఉండి, సరిగ్గా వాళ్ల కళ్లు తనమీద పడగానే కుడిచేతి వేళ్లు ఒక్కసారి కదిలించేవాడు. జనం ఉలిక్కిపడేవాళ్లు. కొందరు ఏడ్చేవాళ్లు. అంతలో చప్పట్లు. ఆ చప్పట్లు వచ్చిన రోజు అన్న ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.

గార్ల రోజు వచ్చింది. అప్పుడు గార్ల ఖమ్మం జిల్లాలో ఉండేది. దసరా వెళ్లింది, చేలల్లో పత్తి పగిలి తెల్లగా ఉంది. ఆ రోజు రాస్తారోకో, రైలు రోకో రెండూ. ముందురోజే వెళ్లి అక్కడ దిగాం. పొద్దున నాకు కిరీటం కడుతుంటే అన్న చెమట నా మెడమీద పడింది. ఎండ ఇంకా ముదరలేదు. అద్దంలో చూస్తే ఎడమ చేతిని మాటిమాటికి విదిలిస్తున్నాడు.

"అన్నా, ఇది గుండెనొప్పి లెక్కున్నది. సల్లటి చెమట, ఎడమ చెయ్యి గుంజుడు. వైద్యం పుస్తకంల గిట్లనే రాసిండ్రు."

"నీ పుస్తకం మూసెయ్ తమ్మీ. పొద్దుగాల మిరపకాయ బజ్జీలు తిన్న. గ్యాసు."

"దవాఖానకు పోయి ఒకసారి చూపిచ్చుకుందాం."

"దవాఖానకు పోతె ఆడ పండుకునేదెవరు, నీ లైబ్రేరియనా? తల కదపకు" అన్నాడు. ముడి వేసేశాడు. ముడి పడ్డాక నేను మాట్లాడకూడదు. మాట్లాడలేదు.

ర్యాలీ బాగా జరిగింది. ఊరేగింపు ముగిసి ట్రాక్టర్ ఆగింది. అన్న లేవలేదు. చప్పట్లు ఇంకా పడుతున్నాయి, అందుకే లేవడం లేదనుకున్నారు అందరూ. నేనూ ఒక క్షణం అట్లాగే అనుకున్నాను. కిందికి వంగి చూస్తే పెదవులు నల్లబడ్డాయి.

ఊళ్లో సూదులు వేసే డాక్టరొకాయన వచ్చి నాడి చూసి, నాలుక కింద ఒక గోళీ పెట్టాడు. "గుండెదే. నాతోని కాదు. జల్ది మానుకోటకు తీస్కపోండ్రి" అన్నాడు. మానుకోటంటే మహబూబాబాదే. అంబులెన్సుకు ఫోను చేశారు. పెద్ద రోడ్డు మీద చెట్లు నరికి అడ్డం వేశారని, చుట్టూ తిరిగి రావాలని జవాబు వచ్చింది. రైళ్లు పట్టాల మీదే నిలిచిపోయాయి. ట్రాక్స్ జీపు డ్రైవరొకడు, "నేను ఊళ్లల్లకెల్లి తోలుత, ఎక్కియ్యుండ్రి" అని ముందుకు వచ్చాడు.

అన్నను వెనుక సీట్లో ఎక్కించాం. నేను ఎక్కుతూ కిరీటం తాడు వెతుక్కుంటుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"తియ్యకు."

నేను ఆయన ముఖంలోకి చూశాను.

"పిచ్చోడా, మామూలు మనిషివైతే ప్రతి ఒక్కడు ఆపి అడుగుతడు. తల్లి వస్తుందంటె ఎవడాపుతడు? అన్ని రోడ్లు తెరుస్తరు. గట్లనే కూసో." ఆయాసం మధ్య ఒక్కొక్క మాటే వచ్చింది. అయినా ఆట మొదలయ్యే ముందు ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే పెద్ద గొంతే అది. జీవితమంతా ఆ గొంతు చెప్పినట్టే నిలబడ్డాను. ఆయన తల ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

ఊరు దాటాక మొదటి అడ్డు. టైర్లు కాలుతున్నాయి. జీపులో కిరీటం చూడగానే పిల్లలు కేకలు వేస్తూ కర్రలతో టైర్లను పక్కకు నెట్టారు. జై తెలంగాణ అన్నారు. డ్రైవర్ బండి ఆపనే లేదు. అన్న కళ్లు తెరవకుండానే, "సూసినవా?" అన్నాడు.

రెండో అడ్డు ఒక ఊరి కూడలిలో. వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి ఊరంతా వండుకుంటోంది. ఒకవైపు డప్పులు, ఒకవైపు బతుకమ్మ ఆట. జీపు కనిపించగానే డప్పులు మా చుట్టూ చేరాయి. తల్లి తమ ఊరికే వచ్చిందనుకున్నారు. ఆడవాళ్లు హారతి పళ్లేలు తెచ్చారు. బంతిపూల దండలు నా మెడలో పడ్డాయి, కొన్ని అన్న ఛాతీ మీద పడ్డాయి. తల్లి ఒడి, నేలకొరిగిన కొడుకు, అంగీ మీద రక్తం. మేము ఊరూరా చూపించిన బొమ్మ అదే. ఇక్కడా అదే చూశారు.

డ్రైవర్ దిగి గడ్డాలు పట్టుకుని బతిమాలుతున్నాడు. డప్పుల్లో ఆయన మాట ఎవరికీ అందడం లేదు. నేను కట్టు తప్పాను. ఆడవేషంలో ఉండి నా సొంత మగగొంతుతో అరిచాను.

"పోనియ్యుండ్రి! ఇది ఆట గాదు! మా అన్న పానం పోతున్నది!"

చివరి వరుసకు వినిపించేలా అరవడం నాకు నేర్పింది ఒడిలో ఉన్న మనిషే. డప్పులు ఆగాయి. సరిగ్గా అప్పుడే అన్న కుడిచేతి వేళ్లు ఒక్కసారి కదిలాయి.

జనం ఉలిక్కిపడ్డారు. ఒక ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత చప్పట్లు. అంత పెద్ద చప్పట్లు మా మేళం ఎన్నడూ వినలేదు. "వారెవా! ఏం డైలాగు కొట్టిండే!" అని ముందున్నవాడు ఈల వేశాడు. ఫోటో స్టూడియో మనిషి ఒకడు బానెట్ ఎక్కి ఫ్లాష్ కొట్టాడు.

కిరీటం పట్టుకుని గుంజాను. నెత్తి చర్మం లేచిందిగానీ ముడి రాలేదు. హారతులు అయ్యాక వాళ్లే సంతోషంగా రోడ్డుకు అడ్డం పెట్టిన ఎడ్లబండి జరిపి, జీపును కొంతదూరం నెట్టి మరీ సాగనంపారు. వాళ్లు మమ్మల్ని కావాలని ఆపలేదు. ప్రేమతో ఆపారు.

బండి కదిలాక అన్న కళ్లు తెరిచాడు. నన్ను కాదు, పైన జీపు టాపును చూస్తున్నాడు.

"సూసిండ్రా?" అన్నాడు.

నొప్పితో వేళ్లు కదిలాయో, ఆయనే కదిలించాడో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. "సూసిండ్రన్నా" అన్నాను. తర్వాత ఆయన మాట్లాడలేదు.

మూడో అడ్డు ఒక తండా దగ్గర. రోడ్డుకు అడ్డంగా ముళ్లకంప, దాని వెనుక అద్దాల రవికెల్లో లంబాడీ ఆడవాళ్లు. మళ్లీ పాట మొదలైంది. ఒక ముసలామె కుంకుమ భరిణె పట్టుకుని జీపు దగ్గరికి వచ్చింది. "యాడీ" అని నన్ను పిలిచి నా నొసట బొట్టు పెట్టింది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. తర్వాత అన్న నొసట పెట్టబోయి చెయ్యి ఆపింది. అరచేతిని ఆయన చెంపకు ఆనించింది.

"గీయన వొళ్లు సల్లగున్నది యాడీ. గిది యేషం గాదు!" అంది. వెనక్కి తిరిగి వాళ్ల భాషలో ఒక్క కేక పెట్టింది. పాట తెగిపోయింది. ఆడవాళ్లు ఉత్తచేతులతో ముళ్లకంప గుంజేశారు. ముళ్లు గుచ్చుకుంటున్నా చూసుకోలేదు. "పో కొడకా, ఉరుకు!" అని ఆమె డ్రైవర్ భుజం మీద కొట్టింది.

నేను చాలాసార్లు ఆలోచించాను. మొదటి అడ్డు దగ్గరే కిరీటం లేకుండా, రంగు అంగీ లేకుండా, పేషెంటు ఉన్నాడని చెప్పి ఉంటే? రాస్తారోకోల్లో రోగులకు దారి ఇచ్చేవాళ్లు. అది మాకూ తెలుసు. ఎన్నోసార్లు చూశాం. కానీ వేషం కట్టి బతికినవాళ్లకు వేషం మీద ఉన్న నమ్మకం మామూలు మాట మీద ఉండదు. ఉత్త మనిషిగా వెళ్లి అడగడం ఆయనకు తోచలేదు. ఆయన కాదన్నాక నాకూ తోచలేదు. మీరు స్టేజీ మీదికి వస్తున్న పిల్లలు గనుక చెబుతున్నాను. మీ పని మీకు ఎంత బాగా వస్తే మీ నిజాన్ని నమ్మించడం అంత కష్టమవుతుంది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మహబూబాబాద్ దవాఖానలో అంగీ చూసి, "తూటానా? రాయి తగిలిందా?" అని నర్సులు అంగీ కత్తిరించి గాయం కోసం వెతికారు. "అది రంగు సిస్టరమ్మా, గుండె చూడుండ్రి" అన్నాను. డాక్టరు వచ్చాడు. చాలాసేపు ఛాతీ నొక్కాడు. తర్వాత చేతులు తీసేశాడు.

నన్ను వరండాలో కూర్చోబెట్టారు. ఏం చెయ్యాలో తెలియక కిరీటంతోనే కూర్చున్నాను. ఊడ్చే ఆమె, "జర పక్కకు జరుగమ్మా" అని, నా గొంతు విని, "అయ్యా" అని దిద్దుకుంది. జ్వరంతో ఉన్న చంటిపిల్లను తెచ్చిన ఒక తల్లి ఏమీ అడగకుండా ఆ పిల్ల తలను నా కాళ్లకు తాకించి లోపలికి వెళ్లింది. లోపల మంచం మీద అన్న ఉన్నాడు. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేకపోయాను.

తర్వాత రాష్ట్రం వచ్చింది. జనగామలో పటాకులు కాల్చిన రోజు నేను గ్రంథాలయంలో కూర్చున్నాను. ఒక్క పేజీ కూడా చదవలేదు. రాష్ట్రం వచ్చినందుకు సంతోషపడ్డాను, ఆ మాట దాచను. ఆ వేషం మాత్రం మళ్లీ కట్టలేదు. ఫోటో తీసిన స్టూడియో మనిషి మా ఊరు వెతుక్కుంటూ వచ్చి, ఫ్రేము కట్టించి బహుమతిగా ఇచ్చి వెళ్లాడు. ఆయనకూ నేను చెప్పలేకపోయాను.

అన్న పోయిన సాయంత్రం ముచ్చట ఒకటి మిగిలింది. వదిన అప్పుడు జఫర్‌గఢ్‌లో చెల్లెలింటికి పత్తి ఏరడానికి వెళ్లి ఉంది. రోడ్ల మీది అడ్డులు తీశాక చెల్లెలి అల్లుడి బండి మీద, పొద్దుగూకే వేళకు దవాఖానకు చేరింది. కొంగుకు ఇంకా పత్తి అంటుకుని ఉంది. లోపలికి వెళ్లి ఆయనను చూసి వచ్చింది. ఏడుస్తుందని నేను లేచి నిలబడ్డాను. ఆమె నా పక్కన బెంచీ మీద కూర్చుంది.

"జనం ఉన్నరా?" అంది.

"ఉన్నరు వదినా. చానమంది."

"సప్పట్లు కొట్టిండ్రా?"

"కొట్టిండ్రు."

"ఆయనకు ఇనబడ్డదా?"

"ఇనబడ్డది. సూసిండ్రా అని నన్ను అడిగిండు."

కొంగుకు అంటుకున్న పత్తిని ఒక్కొక్క పోగు తీసి పిడికిట్లో పెట్టుకుంది. తర్వాత నా తల వెనుక చెయ్యి పెట్టి ముడి తడిమింది. చాలాసేపు పెనుగులాడింది. అది ఆయన ముడి, రాలేదు. నర్సును పిలిచి కత్తెర అడిగింది.

"తల వంచు సవతీ" అంది.

వంచాను.